కర్నల్ సపోర్ట్ లేని కార్డు

బోయిన్‌పల్లి,
3-11-2025

మహాలక్ష్మీ సమానురాలైన కాంతమణి వదినగారికి, మీ ఫోన్‌లో బ్లాకై ఉన్న ఆడబిడ్డ రజిత వ్రాయునది.

మీకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఎవరో అమ్మాయి తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో మీరు బిజీగా ఉన్నారని చెప్పింది. రిటైరై రెండేళ్ళయిన మనిషికి మూడు భాషల్లో అంత పనేముంటుందో నాకు అర్థం కాలేదు. స్వయంగా వద్దామంటే, "ఇక నా గడప తొక్కొద్దు" అని ఫంక్షన్ హాలు మెట్ల మీద మీరన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. అందుకని పోస్టాఫీసుకు వెళ్ళి కవరు కొన్నాను. "ఏ.ఎస్. రావు నగర్‌కా? బస్సెక్కితే గంటల పోతవ్ గదమ్మా" అన్నాడు కౌంటర్లో ఆయన. "మా వదిన బస్సు పోని కాడ ఉన్నది" అన్నాను.

సంగతేమిటంటే, నా ఎంబ్రాయిడరీ మిషన్ ఆగిపోయింది. మీకు ఇలాంటివి తెలియవు కనుక విడమరిచి రాస్తాను. మా ల్యాప్‌టాప్ పక్కన ఒక సందు ఉంటుంది. అందులో అరచేతిలో ఇమిడే కార్డు దూర్చి, డిజైన్ కాపీ చేసి, ఆ కార్డును తీసుకెళ్ళి మిషన్‌లో పెడితే మిషన్ కుడుతుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆ కార్డును గుర్తుపట్టడం లేదు. తొమ్మిదేళ్ళు కలిసి ఉన్నదాన్ని, మాట పడ్డ చుట్టంలా ముఖం తిప్పుకుని, ఎవరో తెలియనట్టు చూస్తోంది.

అక్టోబరు ఇరవై నాలుగున మా అమ్మాయి సృజన నిశ్చితార్థం. ఆ పొద్దున అందరూ మా ఇంట్లోనే టిఫిన్లు చేశారు. మిషన్ గదిలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ పక్క ప్లగ్గులో ఫోన్ చార్జింగ్ పెట్టింది మీరు. మర్నాటి నుంచి కార్డు పలకలేదు. నేను పెట్టిన చీర రంగు నచ్చక మీరు అలిగారని నాకు తెలుసు. కానీ ఆ కోపం చీర మీద చూపాలి, కంప్యూటర్ మీద కాదు.

బేగంపేటలో ఒక హోటల్ వాళ్ళు నూట ఎనభై వంటవాళ్ళ కోట్లు ఇచ్చారు. అన్నింటి మీదా వాళ్ళ కొత్త గుర్తు, పింఛం విప్పిన నెమలి, కుట్టాలి. ఇరవై ఎనిమిదో తారీఖుకల్లా ఇవ్వాలి. మిషన్ అమ్మినవాణ్ణి అడిగితే "దీన్ని మ్యూజియంల పెట్టున్రి, కొత్తది కొనున్రి" అన్నాడు. మా ఆయన సంగతి మీకు తెలుసు. కూరగాయల మార్కెట్లో కూర్చునే మనిషి. "ఈ ఆర్డర్ పోతే మిషన్ తుక్కుల ఎయ్యి, గా రూముల టమాట ట్రేలు పెట్టుకుంట" అంటున్నాడు. ఇరవై రెండేళ్ళ నా పని వదినా. ట్రేల కింద పోతుంది.

అన్నను పంపండి. ఆ ల్యాప్‌టాప్‌లో అన్నీ అమర్చి పెట్టింది అన్నే కదా. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసిన చెయ్యి. పది నిమిషాల్లో బాగుచేస్తాడు.

ఇట్లు,
మీరు వాడిన ప్లగ్గును సాక్ష్యంగా అలాగే ఉంచిన
రజిత


ఏ.ఎస్. రావు నగర్,
6-11-2025

రజితకు,

ముప్పై నాలుగేళ్ళుగా నన్ను నువ్వు అంటున్నావు. మీరు అనడం ఇదే మొదటిసారి. చింపబోయిన ఉత్తరాన్ని ఆ గౌరవం చూసి ఆపాను.

ఫోన్ చార్జింగ్ పెడితే పక్కనున్న కంప్యూటర్ చెడిపోతుందన్న సంగతి మా ఫ్యాక్టరీకి తెలిసుంటే సగం విభాగాలు మూసుకునేవాళ్ళు. ఇంత పరిశోధన చేసినదానివి, ఇంకో అడుగు వేసి ఉండాల్సింది. ల్యాప్‌టాప్‌ను ఎవరో అప్‌డేట్ చేశారు. ఎవరన్నది పైనున్న దేవుడికి తెలుసు, కిందనున్న ఇంకొకరికి తెలుసు.

అప్‌డేట్‌తో కొత్త కర్నల్ వచ్చింది. కర్నల్ అంటే లోపల అందరికీ పై అధికారి. స్క్రీను, కీబోర్డు, డిస్కు, అన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. పాత కర్నల్‌కు మీ కార్డు పరిచయం. కొత్తాయనకు పరిచయం లేదు. ఇలాంటి కార్డులు వాడేవాళ్ళు ఇంకా బతికున్నారని ఎవరూ అనుకోరు కాబట్టి ఆ భాగం తీసేశారు. కర్నల్ సపోర్ట్ లేకపోతే ఏ కార్డూ పనిచేయదు. కాబట్టి ముందుగా కర్నల్ సపోర్ట్ సంపాదించాలి. పెన్‌డ్రైవ్ ఒకటి వెతుకుతున్నాను, దొరికాక మిగతాది రాస్తాను.

మీ అన్న రారు. ల్యాప్‌టాప్ మాట వినబడితే ఆయనకు కడుపునొప్పి వస్తోంది. రోజుకు రెండుసార్లు వస్తోంది, ఎందుకంటే నేను రెండుసార్లు అంటున్నాను.

చీర రంగు బాగానే ఉంది. పనిమనిషికి కూడా నచ్చింది.

కాంతమణి


బోయిన్‌పల్లి,
9-11-2025

వదినకు,

గౌరవం నీకు పడదని తేలింది కాబట్టి నువ్వులోకి దిగాను.

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. "కర్నల్ సపోర్ట్ లేకపోతే ఏ కార్డూ పనిచేయదు" అన్న చోట ఆయన లేచి నిలబడ్డాడు. "నిజమే గదా! కంటోన్మెంట్‌ల గట్లనే నడుస్తది" అన్నాడు. మర్నాడు పొద్దున్నే గంపలో బీరకాయలు, రెండు కాలీఫ్లవర్లు, కట్ట పుదీనా పెట్టుకుని తిరుమలగిరిలో ఒక రిటైర్డ్ కర్నల్ గారింటికి వెళ్ళాడు. ఆయన వంటమనిషి మార్కెట్లో మా ఆయన దగ్గరే కూరలు తీసుకుంటాడు.

అక్కడ జరిగింది మా ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"సార్, మీ సపోర్ట్ కావాలె" అన్నాడట.

"దేనికి?"

"కార్డుకు సార్. నా భార్యది. తొమ్మిదేండ్లు మంచిగ నడిచింది, ఇప్పుడు నడుస్తలేదు."

ఆ కర్నల్ గారు మిలిటరీ క్యాంటీన్ కార్డు అనుకున్నాడు. సివిలియన్ ఆడమనిషి తొమ్మిదేళ్ళుగా క్యాంటీన్ కార్డు వాడుతోందంటే ఆయనకు ఎంత కోపం వచ్చి ఉంటుందో ఊహించుకో. ముక్కాలు గంట నిలబెట్టి దేశం గురించి చెప్పాడట. బీరకాయలు లంచమని తిప్పి పంపాడు. పుదీనా మాత్రం ఉంచుకున్నాడు. మా ఆయన ఆ కోపాన్ని బోయిన్‌పల్లి దాకా మోసుకొచ్చి నా మీద దించాడు. రెండు రోజులుగా మా ఇంట్లో బీరకాయ పచ్చడి.

నువ్వు కావాలనే ఇలా రాశావని నా అనుమానం. అన్న ఏదో చెప్పి ఉంటాడు, నువ్వు దాన్ని సగం విని రాసి ఉంటావు. దస్తూరీ నీదే కానీ తెలివి మా అన్నదని తెలుస్తూనే ఉంది. ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. ఆ కడుపునొప్పి కూడా నాకు నమ్మకం లేదు. ఆయన్ను నువ్వే ఆపుతున్నావు.

ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయి.

రజిత


ఏ.ఎస్. రావు నగర్,
12-11-2025

రజితకు,

నీ ఉత్తరం డాబా మీద బట్టలారేస్తూ చదివాను. పక్కింటివాళ్ళు నాకేమైందో అని పైకి వచ్చారు. చాలా రోజుల తర్వాత నవ్వాను, అందుకు మీ ఆయన రాములు అన్నయ్యకు కృతజ్ఞతలు చెప్పు. ఇకనుంచి కెర్నెల్ అని రాస్తాను. మిలిటరీ వాళ్ళతో దానికి చుట్టరికం లేదు. కంప్యూటర్ నడవడానికి మూలమైన ప్రోగ్రాం అది, అంతే.

అవునమ్మా, తెలివంతా మీ అన్నది, పెన్ను మాత్రం నాది. ఆయన జ్ఞానం ఇలా చెబుతోంది, జాగ్రత్తగా చదువు.

కవరులో పెన్‌డ్రైవ్ ఉంది. కెర్నెల్ తయారుచేసే సరంజామా అంతా అందులో పెట్టాను. జత చేసిన కాగితంలో ఉన్న ఆజ్ఞలు ఒక్కో అక్షరం చూసి కొట్టు. నీలం తెర వస్తుంది. అందులో వందల ప్రశ్నలుంటాయి. నువ్వు జవాబు చెప్పాల్సినవి నాలుగు. వై అంటే ఆ భాగం ఎప్పుడూ లోపలే ఉంటుంది. ఎమ్ అంటే బయట కూర్చుని అవసరమైనప్పుడు వస్తుంది. ఎన్ అంటే అసలు ఉండదు.

డివైస్ డ్రైవర్లు అన్న భాగంలోకి వెళ్ళు. పీసీ కార్డ్ సపోర్ట్ అని కనిపిస్తుంది. దానికి ఎమ్. దాని లోపల మీ సందుకూ కంప్యూటర్‌కూ మధ్య వంతెనలాంటిది ఒకటి ఉంటుంది, యెంటా అని పేరు. దానికీ ఎమ్. అక్కడే బిట్ల గురించి రెండు లైన్లుంటాయి, అవి చూసుకో. తర్వాత డిస్కుల భాగంలో కార్డును డిస్కులా చూపించే లైను ఉంటుంది, దానికీ ఎమ్. అప్పుడు సేవ్ చేసి, తయారీ మొదలుపెట్టు. నీ ల్యాప్‌టాప్ వయసుకు పది గంటలు పడుతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టు. మధ్యలో కరెంటు పోతే ఏడవకు, మళ్ళీ అదే ఆజ్ఞ కొడితే ఆగిన చోటినుంచి నడుస్తుంది.

ఇక్కడే తయారుచేసి పంపవచ్చు కదా అంటావు. నా కంప్యూటర్‌లో గంట పని. పంపను. ఎందుకో మీ అన్నను అడుగు.

కాంతమణి


బోయిన్‌పల్లి,
16-11-2025

వదినకు,

పండగ చేసుకో. పని జరగలేదు.

ఆదివారం దాకా ఆగకుండా శుక్రవారం పొద్దున ఆరుంపావుకు మొదలుపెట్టాను. నువ్వు రాసిన ఆజ్ఞలు ఒక్కోటి మూడుసార్లు సరిచూసి కొట్టాను. నీలం తెర వచ్చింది. పీసీ కార్డ్‌కు ఎమ్ పెట్టాను. యెంటా కనబడింది, దానికీ పెట్టాను. బిట్ల లైన్లు రెండూ చూశాను. ఒకటి పదహారు, ఒకటి ముప్పై రెండు. పదహారుకన్నా ముప్పై రెండు పెద్దది కదా అని ముప్పై రెండుకు వై, పదహారుకు ఎన్. అంతవరకూ నా బుర్రను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత డిస్కుల భాగంలోకి వెళితే నువ్వు రాసిన ఆ చివరి లైను లేదు. పైనుంచి కిందికి నాలుగుసార్లు వెతికాను. లేదంటే లేదు. సరే, అది లేకపోయినా పర్వాలేదేమోనని తయారీ మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. నువ్వు ఏడవొద్దన్నావు కాబట్టి ఏడవలేదు, మా ఆయన్ను తిట్టాను. అయిదున్నరకు పూర్తయింది. కార్డు పెట్టాను. ఏమీ లేదు. ల్యాప్‌టాప్ అదే చూపు.

లేని లైను రాసి పంపడం నీకు తమాషాగా ఉండొచ్చు. ఎదురుగా కోట్లు నూట ఎనభై మడతలు పెట్టి ఉన్నాయి. నిన్న మా ఆయన టేపు తెచ్చి గది కొలిచాడు. "నిలువుకు ఎనిమిది, అడ్డానికి అయిదు, ట్రేలు మంచిగ పడ్తయ్" అన్నాడు. నాతో కాదు, గోడతో.

అన్న చెప్పే ఉంటాడు, నువ్వే ఏదో మింగేసి ఉంటావు. మొగుడి అక్కాచెల్లెళ్ళ మీద అసూయ ఉండటం లోకసహజం, కాదనను. కానీ అన్న తెలివిని నా దాకా రానివ్వకుండా మధ్యలో జల్లెడ పట్టే హక్కు నీకు లేదు. పంపనని ఎందుకన్నావో అన్నను అడగమన్నావు. మెసేజ్ పెట్టాను. దండం బొమ్మ పంపాడు. అంటే ఏమిటి?

రజిత


ఏ.ఎస్. రావు నగర్,
18-11-2025

రజితకు,

లైను పోలేదు. నువ్వే పోగొట్టావు. ఆ చివరి లైను పదహారు బిట్ల లైను మీద ఆధారపడి ఉంటుంది. అత్తే వద్దన్నాక ఆమె కొడుకు పెళ్ళిచూపులకు వస్తాడా? పైదానికి ఎన్ అన్నావు కనుక కిందిది తెరమీదికే రాలేదు. నీ కార్డు పదహారు బిట్ల కార్డు. పెద్దదా చిన్నదా అన్నది కాదు, నీ చేతిలో ఉన్నది ఏది అన్నది చూడాలి. పదహారుకు ఎమ్ పెట్టు, లైను దానంతటదే వస్తుంది. ఈసారి అంత సమయం పట్టదు, మారిన భాగాలే తయారవుతాయి. "చూసుకో" అని వదిలేయడం నా తప్పు. పరీక్షల విభాగంలో పనిచేసినదాన్ని అలా వదలకూడదు.

ఇప్పుడు రెండో సంగతి. కోపంతో కాదు, నిదానంగా రాస్తున్నాను.

మీ అన్న ఆ ఫ్యాక్టరీలో స్టోర్స్‌లో పనిచేశారు. స్క్రూలు, సబ్బులు, చేతిగుడ్డలు లెక్క చూసి ఇచ్చేవారు. మంచి ఉద్యోగం, నిజాయితీగా చేశారు. బోర్డులు పరీక్షించే విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నది నేను. చెడిపోయిన బోర్డులో ఎక్కడ తప్పుందో వెతికి పట్టుకోవడం నా పని. తొమ్మిదేళ్ళ క్రితం మూడు ఆదివారాలు మీ ఇంటికి వచ్చి ఆ ల్యాప్‌టాప్‌లో అన్నీ అమర్చింది కూడా నేనే. గుర్తు తెచ్చుకో. కుర్చీలో కూర్చున్నది నేను. వెనక నిలబడి టీ తాగింది ఆయన. నువ్వు దండం పెట్టింది టీ తాగినవాడికి.

నిశ్చితార్థం రోజు భోజనాల వరసలో ఫ్యాన్ తిరగకపోతే నేను లేచాను. అప్పుడు నువ్వన్న మాట నీకు గుర్తుండదు. "వదినా, నువ్వు కూసో. నీకు స్విచ్ ఏసుడు సుత రాదు. అన్న ఉన్నడు గదా" అన్నావు. నూటిరవై మంది నవ్వారు. దానికి కూడా నేను బాధపడేదాన్ని కాదు. మీ అన్న అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ పొద్దున నీ ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ నొక్కి, పాత కెర్నెల్‌ను తీసేయమని కూడా ఆయనే నొక్కి, వచ్చి నా పక్కన కూర్చుని పూరీ తింటూ ఆ సంగతి నాకు చెప్పారు. "ఎవ్వరికి చెప్పకు" అన్నారు. చెప్పలేదు. నువ్వు నన్ను దొంగను చేస్తున్న మొదటి ఉత్తరం ఆయనే కవరు చింపి చదివి, మడిచి, నా చేతికిచ్చి, కడుపునొప్పి అన్నారు.

చీర గురించి కాదు రజితా.

కాంతమణి


బోయిన్‌పల్లి,
22-11-2025

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట నమ్మలేదు. నా అన్న అట్లాంటివాడు కాదని గదంతా తిరిగాను. అప్పుడు నువ్వు చెప్పిన పరీక్షల విభాగం గుర్తొచ్చి, నేనూ ఒక పరీక్ష పెట్టాను. అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, పదహారు బిట్లకు ఎమ్ పెట్టాలెనా, ఎన్ పెట్టాలెనా?"

"ఏందీ?"

"కెర్నెల్‌ల అన్నా. నువ్వే గదా వదినతోని రాయిస్తున్నవ్."

"నువ్వేం పెట్టినవ్?" అన్నాడు.

"ఎన్."

"మంచిగ పెట్టినవ్. ముప్పై రెండు ఉండంగ పదహారు ఎందుకు?"

నా అంత తెలివి నా అన్నకూ ఉందని నాకు అప్పుడు తెలిసింది. "అన్నా, ఆ దినం అప్‌డేట్ నొక్కింది ఎవరు?" అన్నాను.

"కడుపుల జెర తక్లీఫ్‌గ ఉన్నది చెల్లే, మళ్ళ మాట్లాడ్త" అని పెట్టేశాడు.

పదహారుకు ఎమ్ పెట్టాను. లైను వచ్చింది, నువ్వు చెప్పిన చోటే. రెండు గంటల్లో తయారైంది. ఆపి, మళ్ళీ ఆన్ చేసి, కార్డును సందులోకి తోశాను. తెర మీద చిన్న పెట్టె బొమ్మ వచ్చింది. డిజైన్ కాపీ చేసి మిషన్‌లో పెట్టాను. మొదటి నెమలి కుట్టడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ముక్కు నుంచి తోక దాకా చూశాడు. "కోడి లెక్క లేదు, నెమలి లెక్కనే ఉన్నది" అన్నాడు. ఆయన నోట అది పద్మశ్రీ. పొద్దున చూస్తే టేపు లోపల పెట్టేసి ఉంది.

నిన్నటికి అరవై ఒకటి అయ్యాయి. తారీఖుకు అందుతాయి.

ఆ మాట అన్నానని నాకు గుర్తులేదు. గుర్తులేనంత తేలికగా అన్నానంటే అదింకా తప్పు. క్షమించమని రాస్తే నువ్వు ఏమంటావో తెలుసు. అయినా రాస్తున్నాను. క్షమించు. ఫోన్ బ్లాక్ తియ్యమని మాత్రం అడగను.

రజిత


ఏ.ఎస్. రావు నగర్,
25-11-2025

రజితకు,

పద్నాలుగు నిమిషాలు ఎక్కువ. దారం బిగువు చూసుకో, లేకపోతే తోక దగ్గర గుడ్డ ముడుచుకుంటుంది. ఇంకోసారి అప్‌డేట్ చేయమంటారా అని అడిగితే, ఎంత మర్యాదగా అడిగినా వద్దను.

నీ క్షమాపణ చేరింది. కవరు మీద తపాలా ముద్ర స్పష్టంగా ఉంది. మాట మాత్రం నూటిరవై మంది ముందు అన్నావు, క్షమాపణ ఒక్కదానికి పంపావు. మిగతా నూట పందొమ్మిది మందికి నేనింకా స్విచ్ వేయడం రాని మనిషినే. వాళ్ళ చిరునామాలు నా దగ్గర లేవు.

నువ్వే ఆ నాలుగు లైన్లూ సొంతంగా పెట్టుకున్నావు. అందుకు సంతోషించాను. నేను తయారుచేసి పంపి ఉంటే ఈపాటికి "మా అన్న చేసిండు" అని బోయిన్‌పల్లి మార్కెట్టంతా తెలిసేది.

మీ అన్నతో నేను మాట్లాడటం లేదు. నీ ఫోన్ తర్వాత ఆయనా ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఇది మంచిదో కాదో తెలియడం లేదు.

కాంతమణి


బోయిన్‌పల్లి,
29-11-2025

వదినా,

నిన్న పొద్దున హోటల్ వ్యాను వచ్చింది. నూట ఎనభై నెమళ్ళు, ఒక్కటీ కుంటిది లేదు. దారం బిగువు నువ్వన్నట్టే మార్చాను, పదకొండు నిమిషాలకు దిగింది.

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు. అన్న వచ్చాడు. ఫోన్ కూడా చేయకుండా, చేతులూపుకుంటూ. మిషన్ గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చుని కోట్లు లెక్కపెట్టి, ఇరవై చొప్పున కట్టలు కట్టాడు. వద్దన్నా వినలేదు. కట్టలు చాలా నీటుగా కట్టాడు వదినా. స్టోర్స్ పని అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

హోటల్ నుంచి వచ్చిన ఆవిడ మా ల్యాప్‌టాప్ చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత పాతదాన్ని ఎవరు రిపేర్ చేస్తున్నారండీ?" అంది. అలవాటు కొద్దీ మా ఆయన "మా బావ. ఎలక్ట్రానిక్స్‌ల చేసిండు" అని అన్న భుజం మీద చెయ్యి వేశాడు. నేను నోరు తెరవబోయాను. అంతలో అన్నే లేచాడు.

"నేను కాదమ్మా. నేను సబ్బులు, స్క్రూలు ఇచ్చేటోన్ని. గిది మా ఆమె పని. దీన్ని ఖరాబ్ చేసింది మాత్రం నేనే" అన్నాడు.

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు, కట్టలు ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మా ఆయన చెయ్యి ఇంకా అన్న భుజం మీదే ఉంది, తీయాలా ఉంచాలా తెలియక. అన్న టీ తాగకుండా వెళ్ళాడు. గేటు దగ్గర ఆగి, "మీ వదినకు చెప్పకు" అన్నాడు. నీతో కూడా ఒకసారి అదే మాట అన్నాడు కదా. అందుకే చెబుతున్నాను.

విన్నది ముగ్గురమే, నూటిరవై మంది కాదు. లెక్క తక్కువే. అయినా నేను ఆ గదిలోనే ఉన్నాను, విన్నాను.

రజిత


ఏ.ఎస్. రావు నగర్,
3-12-2025

రజితకు,

ఆయన నాకు చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నారు. ఎక్కడికి వెళ్ళారని నేనూ అడగలేదు. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. రెండుసార్లు చదివి, ఆయన చదువుతున్న పేపరు మీద పెట్టాను. చదివారు. ఈసారి కడుపునొప్పి రాలేదు.

"ముప్పై ఒక్క సంవత్సరాలు నువ్వు ఆడ ఏం చేస్తుండెదానివి?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. ఒకే గేటులోంచి రోజూ లోపలికి వెళ్ళిన మనిషి. మొదట కోపం వచ్చింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. బోర్డు వేడెక్కితే వచ్చే వాసన దగ్గర మొదలుపెట్టి, ఒక చిన్న అతుకు కోసం పదకొండు రోజులు వెతికిన సంగతి దాకా చెప్పాను. పొయ్యి మీద పప్పు మాడింది. ఎవరూ లేవలేదు.

తర్వాత ఆయన తెల్లకాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. మూడు కాగితాలు చింపి, నాలుగోది నా చేతికిచ్చారు. "చెల్లెకు పంపు" అన్నారు. ఇందులో జతపరుస్తున్నాను. చుట్టాల చిరునామాలు లేవన్న ఇబ్బంది దీంతో తీరుతుందేమో.

సృజన పెళ్ళికి నేను వస్తానో లేదో ఇంకా నిర్ణయించుకోలేదు. అయినా జాకెట్టు కొలత పంపుతున్నాను. చేతుల మీద నెమలి వద్దు.

కాంతమణి

(జత)

విషయం: అక్టోబరు 24వ తేదీన జరిగిన అప్‌డేట్ గురించి.

ఓంప్రకాశ్, స్టోర్స్ విభాగం (రిటైర్డ్), స్వహస్తాలతో రాసి ఇచ్చునది ఏమనగా,

సదరు రోజు ఉదయం టిఫిన్‌కు ముందు నా చెల్లెలు రజితకు చెందిన ల్యాప్‌టాప్, అప్‌డేట్ చేయమంటారా అని తెర మీద అడిగింది. చేయమన్నాను. పాతది తీసివేయమంటారా అని అడిగింది. తీసివేయమన్నాను. రెండు ప్రశ్నలూ నాకు అర్థం కాలేదు. పక్కన బావగారు రాములు నిలబడి చూస్తున్నందున, అర్థమైనట్టు నొక్కాను.

అదే రోజు భోజనాల దగ్గర నా భార్య కాంతమణిని అన్న మాటకు అందరికంటే గట్టిగా నవ్వినది నేనే. నవ్వకపోతే నావైపు చూస్తారని భయపడ్డాను. ముప్పై నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఏది చెడినా బాగుచేసింది ఆమె. బాగుచేశానని చుట్టాలకు చెప్పినది నేను.

పై విషయాన్ని ఫిబ్రవరిలో సృజన పెళ్ళిలో, అదే చుట్టాల ముందు, మొదటి బంతి కూర్చోకముందు నేనే లేచి చదువుతాను. ఎవరైనా నవ్వితే ఆగి, మళ్ళీ మొదటినుంచి చదువుతాను.

చదివే సమయంలో కాంతమణి ఆ హాల్లో ఉండవలసిందిగా మనవి.

ఓంప్రకాశ్